ఇద్దరి పేరా ఒకే రిటర్ను

గాలప్, న్యూ మెక్సికో
ఫిబ్రవరి 12, 2005

ప్రియమైన కొన్సోర్సియా వదినకు,

మీరు పంపిన ఎండుచేపల పొట్లం అందింది. మూకుడు పొయ్యి మీద పెట్టి ఇంకా తిరగెయ్యనైనా లేదు, పై అంతస్తావిడ దిగివచ్చి గోడలో ఏదైనా చచ్చిందా అని అడిగింది. నాతో ఉండే ముగ్గురు టీచర్లూ కిటికీలన్నీ తెరిచి, గడగడా వణుకుతూ, అన్నంలో వెనిగర్ పోసుకుని ఒక్క ముక్క మిగల్చకుండా తిన్నారు. బయట మంచు. మీకు దండాలు చెప్పమన్నారు.

ఫోన్ చేస్తే మీరు "ఊ", "సరే", "కార్డు అయిపోతుంది, పెట్టెయ్" తప్ప మాట్లాడరు గనక ఈ ఉత్తరం. మీ తమ్ముడు ఫానియోతో మీరే ఒక పని చేయించాలి.

నేను ఇక్కడ పిల్లలకు లెక్కలు చెప్పడం మొదలుపెట్టింది పోయిన ఆగస్టులో కదా. ఏడాది సగం దాటాక దిగినవాళ్లకు ఇక్కడి పన్నుల లెక్క వింతగా ఉంటుంది. మొదటి ఏడాదికి నువ్వు పరాయిదానివా, ఈ దేశంలో నివసించేదానివా అన్నది కొంతవరకు మన ఇష్టానికే వదిలేస్తారు. పరాయిదాన్నని రాస్తే నా రిటర్ను నేనొక్కదాన్నే పెట్టుకోవాలి, పెళ్లయినవాళ్లకిచ్చే రాయితీలు దక్కవు. అలా కాక, కొన్నాళ్లు ఆగి, మొగుడూ పెళ్లాం ఇద్దరమూ నివాసులమే అని ఒప్పుకుంటే ఇద్దరి పేరా ఒకే రిటర్ను పెట్టవచ్చు. పన్ను బాగా తగ్గుతుంది. మొగుడు ఈ గడ్డ మీద కాలు పెట్టకపోయినా ఫరవాలేదట!

నేను నమ్మలేదు. మన వాళ్ల కిరాణా కొట్టు వెనక గదిలో పన్నులు రాసే బెలెన్ పిన్ని నా మీద కళ్లెర్ర చేసింది. "ఒసే, నీ మొగుడు అక్కడ చెట్టు కింద కాళ్లు చాపుకుని మేకలు కాస్తున్నా ఈ సర్కారు లెక్కలో నీ పక్కనే ఉన్నట్టు. ఊరందరూ పెట్టుకుంటుంటే నీకేం మాయరోగం?" అంది.

ఫానియో చేయాల్సింది కొంచెమే. ఆయనకు ఇక్కడి పన్నుల నంబరు తీసుకోవాలి, దానికి ఒక అర్జీ, పాస్‌పోర్టు నకలు. రిటర్ను మీద నా సంతకం పక్కన ఆయన సంతకం. చేపల పడవలో ఆయన వాటాకు ఏమొస్తుందో అదీ రాయాలి, ఎందుకంటే ఇలా కలిపి పెడితే ఇద్దరి సంపాదనా, ప్రపంచంలో ఎక్కడున్నా సరే, చెప్పి తీరాలి.

పన్ను సంగతి అటుంచండి వదినా. పెళ్లయిన వారానికి విమానం ఎక్కినదాన్ని. నా వీసా మీద రమ్మంటే ఆయనకు ప్రతి నెలా ఒక అడ్డు, మేక ఈనిందనో, పడవకు చిల్లు పడిందనో. కనీసం ఒక కాగితం మీదైనా మా ఇద్దరి పేర్లూ పక్కపక్కన ఉంటే చూసుకోవాలని ఉంది. మీకు నవ్వొస్తుందని తెలుసు. మా పెళ్లి జరిగిన ఆ మేయరు గదిలో మన నవ్వులే గుర్తొస్తున్నాయి. మాకు పరిచయమై ఏడాదైనా కాలేదు, ఐదేళ్లుగా కలిసి కాపురం చేస్తున్నామని ప్రమాణపత్రం రాసిచ్చాం! అలా రాసిస్తే పెళ్లి లైసెన్సు అక్కర్లేదని, ఎవరూ ఏమీ వాకబు చెయ్యరని ఈ మహానుభావుడే చెప్పాడు. మీరు సాక్షి సంతకం పెడుతుంటే చెయ్యి ఎంత వణికిందో! నేనేమో పకపకా నవ్వాను.

అర్జీ దీనితో పంపుతున్నాను.

మీ మరదలు
లిజా

*

తిబియావ్, ఆంటిక్
మార్చి 9, 2005

అమ్మాయీ లిజా,

ఉత్తరం చేరింది. ఒళ్లు జాగ్రత్త. మంచులో కిటికీలు తెరుచుకుని చేపలు తినడమేమిటి, ఉద్యోగానికి పోయావా ఊపిరితిత్తులు పోగొట్టుకోవడానికి పోయావా?

ఇక్కడ అంతా మామూలే. దుకాణంలో ఉప్పు, సబ్బు తప్ప ఏదీ కదలడం లేదు. చర్చి గురువుగారు మొన్న ప్రసంగంలో అప్పులిచ్చేవాళ్లు స్వర్గానికి పోతారన్నారు, అప్పటినుంచి ఊరంతా నన్ను స్వర్గానికి పంపాలని చూస్తోంది.

నీ కాగితం సంగతి. నాకు చదువు లేదు గానీ ఆలోచిస్తే అనవసరమైన తలనొప్పి అనిపిస్తోంది. నీ సంపాదన నీది, నీ పన్ను నువ్వు కట్టుకో, అదే పద్ధతి. మగవాళ్ల పేర్లు సర్కారు కాగితాల్లోకి ఎక్కిస్తే మళ్లీ దించడం కష్టం. పైగా ఆ పాస్‌పోర్టు నకలు మీద ముద్ర కోసం మనీలా దాకా పోవాలి. పోయినసారి ఆ ముద్ర ఒక మూల సరిగ్గా పడలేదని అంత దూరం నుంచీ తిప్పి పంపారు, మళ్లీ ఓడ ఎక్కాం. ఆ తిరుగుడు నా వల్ల కాదు.

ఫానియో బాగున్నాడు. వాడి చేత రాయించి పంపుదామంటే సముద్రంలో ఉన్నాడు.

రాయితీ లేకపోతే మానె. దేవుడు ఇంకో విధంగా ఇస్తాడు.

నీ వదిన
కొన్సోర్సియా

*

గాలప్
ఏప్రిల్ 3, 2005

ప్రియమైన వదినకు,

మీ ఉత్తరం చదివి ఒళ్లు మండింది, ఉన్నమాట చెబుతున్నాను. "పేరు ఎక్కిస్తే దించడం కష్టం" అంటారా? మొగుడి పేరు ఎక్కించేది మళ్లీ దించడానికా?

నాతో ఉండే టీచర్లు ముగ్గురూ పెళ్లయినవాళ్లే. ముగ్గురి మొగుళ్లూ సంతకం పెట్టి పంపారు. ఒకాయనైతే కాగితానికి ముద్దు పెట్టి పంపాడు, ఎర్రటి మరక, వక్కాకు నమిలే మనిషి. "నీ ఆయనెక్కడే, నిజంగా ఉన్నాడా, ఫోటో కొనుక్కొచ్చావా?" అని నన్ను ఏడిపిస్తున్నారు. నేనూ నవ్వుతున్నాను. కానీ రాత్రుళ్లు ఆ మాట కొంచెం గుచ్చుకుంటోంది.

మీకు తిప్పలు లేకుండా బెలెన్ పిన్నితో అన్నీ మాట్లాడాను. గడువు ఆగస్టు దాకా పొడిగించింది. ఎలాగూ ఆగాల్సిందే, ఈ ఏడాది నేను ఇక్కడ తగినన్నాళ్లు ఉన్నానని తేలితే గానీ పోయిన ఏడాదికి నివాసినని చెప్పుకోవడానికి వీల్లేదట. ముద్ర కోసం ఓడ ఎక్కాల్సింది ఫానియో, మీరు కాదు. మేకల్ని మీరు చూసుకోండి చాలు.

ఒక్కమాట అడుగుతాను, కోప్పడకండి. ఆయనకు నేనంటే ఇష్టం తగ్గిందా? సంతకానికి ఇంత బతిమాలాలా? ఫోన్‌లో అడిగితే "పెడతాలే, పెడతాలే" అని మాట మార్చేస్తాడు. ఏదైనా ఉంటే మీరైనా చెప్పండి. అమ్మ లేని ఇంట్లో ఆయన్ని పెంచింది మీరు. మీకు తెలియకుండా ఆయన తుమ్మడు కూడా.

మీ మరదలు
లిజా

*

తిబియావ్
జూన్ 20, 2005

లిజా,

కాగితాలు దీనితో ఉన్నాయి. సంతకాలు పెట్టాడు. ముద్ర కూడా పడింది.

నీ ఉత్తరం వాడికి చదివి వినిపించాను. ఊయలలో పడుకునే విన్నాడు. "ఇంతోటి దానికి ఎందుకక్కా రాద్ధాంతం, పెట్టకపోతే అనుమానపడుతుంది, ఇటు తే" అని ఊయలలోంచి లేవకుండానే పెట్టేశాడు. చదవలేదు. వాడు ఏదీ చదవడు. నేను వద్దన్నాను. నేను వద్దన్నానని నువ్వు గుర్తుపెట్టుకో.

ఇష్టం సంగతి అడిగావు. నువ్వు ఫోన్ చేసిన రోజు వాడు రెండు పళ్లాలు అన్నం తింటాడు. నేను చూసింది అదే, చెప్పగలిగిందీ అదే.

జాగ్రత్తగా ఉండు తల్లీ. చర్చికి పోవడం మానకు.

కొన్సోర్సియా

*

గాలప్
సెప్టెంబర్ 24, 2005

వదినా,

అక్షరాలు కుదరకపోతే క్షమించండి.

ఆగస్టులో రిటర్ను పెట్టాం. ఇద్దరి పేర్లూ పక్కపక్కన. పోస్టులో వేసేముందు దాన్ని చాలాసేపు చూశాను, పిచ్చిదాన్ని. నిన్న పన్నుల ఆఫీసు నుంచి జవాబు వచ్చింది. ఎపిఫానియోకు కొత్త నంబరు ఇవ్వరట. ఎందుకంటే ఆయనకు ఒక నంబరు ఎప్పుడో ఇచ్చేశారట.

ఎవరో అదే పేరుగలవాడు అయ్యుంటాడన్నాను. బెలెన్ పిన్ని కళ్లద్దాలు తీసింది. "పేరొక్కటే కాదే పిల్లా, పుట్టిన తేదీ, ఊరు, అమ్మ పేరు అన్నీ కలిశాయి" అంది. "నీ మొగుడు ఎప్పుడైనా ఈ దేశం వచ్చాడా?" అంది. ఇలోయిలో, మనీలా దాటలేదన్నాను. "ఇక్కడ ఏమైనా సంపాదన?" అంది. నవ్వాను. అప్పుడు ఆవిడ తలుపు మూసి వచ్చి నా చెయ్యి పట్టుకుంది. "ఈ దేశం రానివాడికి, ఇక్కడ పైసా లేనివాడికి ఈ నంబరు ఒక్క దారిలోనే వస్తుంది. ఇక్కడున్న ఎవరో ఒకరు నీలాగే వాడి పేరు తమ రిటర్నులో రాసి ఉండాలి. మొగుడిగా."

నాకు ముందు అర్థం కాలేదు. నిజంగానే కాలేదు, ఒట్టు. "నాలాగే" అంటే ఏమిటని అడిగాను. ఆవిడ నా కాగితాలు మడిచి సంచిలో పెట్టి ఇచ్చింది.

ఇంటికొచ్చి మీ ఉత్తరాలన్నీ ముందేసుకుని కూర్చున్నాను. మార్చిలో మీరు రాశారు, పోయినసారి ముద్ర సరిగ్గా పడలేదని తిప్పి పంపారని. పోయినసారి ఏమిటి వదినా? ఎవరి కోసం ఎక్కారు మీరు ఆ ఓడ?

చదువు లేదన్నారు. ఆ ముద్ర మూల సరిగ్గా పడాలని మీకెలా తెలుసు?

నాకు నిజం చెప్పండి. మీ కాళ్లు పట్టుకుంటాను. ఆయనకు చూపించకుండా రాయండి.

లిజా

*

తిబియావ్
అక్టోబర్ 15, 2005

లిజా,

నీ ఉత్తరం చదివి దుకాణం తలుపు వేసేశాను.

నిజమే. వాడికి ముందొక పెళ్లయింది. ఆ అమ్మాయి పేరు నెనితా, ఇలోయిలో పిల్ల, నర్సు. చర్చిలో, అందరి ముందూ జరిగింది. ఏడాది తిరక్కుండానే ఆమెకు టెక్సస్‌లో అమరిల్లో అనే ఊళ్లో ఆసుపత్రి ఉద్యోగం వచ్చింది. వెళ్లిన మొదటి ఏడాది ఇదే కాగితం పంపింది, ఇద్దరి పేరా కలిపి పెట్టాలని. వాడిని వెంటబెట్టుకుని మనీలా తీసుకుపోయింది నేనే. రెండుసార్లు.

రెండేళ్లు ఉత్తరాలు వచ్చాయి. తర్వాత ఆగిపోయాయి. వాడొకరోజు ఒడ్డు నుంచి వచ్చి, "అక్కా, దానికి అక్కడెవడో దొరికాడు, ఇక నన్ను మరిచిపొమ్మంది" అని నా ఒళ్లో తలపెట్టి ఏడ్చాడు. నేను పెంచిన పిల్లాడు. ఆ రోజు నుంచి ఈ ఇంట్లో ఆ పేరు ఎత్తలేదు. ఊళ్లోవాళ్లూ ఎత్తలేదు. సముద్రం అవతలికి పోయి ఉత్తరం మానేసినవాళ్లను మన దగ్గర ఏమంటారో నీకు తెలుసు, పోయినవాళ్ల లెక్కే.

విడాకులన్న మాటే చట్టంలో లేని దేశం మనది. పెళ్లి రద్దు చేయించాలంటే లాయర్లకు ఇల్లు రాసివ్వాలి. వాడు ముప్పై నిండకుండానే ముసలివాడైపోయాడు. అప్పుడు మన బడి పండగలో నువ్వు కనిపించావు. ఎన్నేళ్లకో వాడు నవ్వడం చూశాను. ఆ నవ్వు కోసం నోరు మూసుకున్నాను, అదీ నా పాపం. మామూలుగా లైసెన్సుకు పెడితే పాత పెళ్లి బయటపడుతుంది. అందుకే ఆ ఐదేళ్ల కాపురం ప్రమాణపత్రం. నువ్వు నవ్వావు. నాకు చెయ్యి వణికింది.

నిన్ను మోసం చెయ్యాలని కాదు. నెనితా మాకు చచ్చిపోయిన మనిషే, మీ పెళ్లి నిజం పెళ్లే అనుకున్నాను. ఇప్పటికీ అలాగే అనుకోవాలని ఉంది.

నన్ను తిట్టు. వాడిని వదలకు.

కొన్సోర్సియా

*

గాలప్
నవంబర్ 5, 2005

కొన్సోర్సియా గారికి,

మీ ఉత్తరం అందింది.

తిట్టాలని చాలా మాటలు పోగు చేసుకున్నాను, కాగితం ముందు కూర్చుంటే ఒక్కటీ రావడం లేదు. బడిలో పిల్లలకు భిన్నాలు చెబుతూ మధ్యలో ఆగిపోతున్నాను. నిన్న ఒక పిల్ల లేచి వచ్చి నా మొహంలోకి చూసి "టీచర్, కూర్చోండి" అని కుర్చీ లాగింది.

బెలెన్ పిన్నికి అన్నీ చెప్పాను. "పాత నంబరే కదా, అదే వేసి మళ్లీ పెట్టేద్దామా? ఆవిడ వదిలేసిన మనిషే గదా" అంది. ఆ మాట అనేసి తనే నాలుక కరుచుకుంది. "కాదులే, ఆవిడ బతికుంటే నీది పెళ్లే కాదు. మన దేశపు చట్టంలో చెల్లని పెళ్లి ఇక్కడా చెల్లదు. చెల్లనిదానికి ఇద్దరి రిటర్నేమిటి" అని తల పట్టుకుంది.

కనుక నాకు ఒకటే ప్రశ్న. నేను ఆయన భార్యనా, కాదా? నెనితా బతికి ఉందా, ఎవరినైనా చేసుకుందా, ఆయన్ని నిజంగానే వదిలేసిందా? మీకు తెలిసింది ఆయన చెప్పిందే. నాకు తెలిసిందీ ఆయన చెప్పిందే.

అమరిల్లో టెలిఫోన్ పుస్తకం లైబ్రరీలో ఉంది. మీ ఇంటిపేరుతో ఒక్కరే ఉన్నారు. నంబరు రాసుకున్నాను. చెయ్యలేదు. ధైర్యం చాలలేదు. ఆ ఊరికీ మా ఊరికీ ఒకటే రోడ్డు, తూర్పుగా పోతూనే ఉంటే వస్తుంది. మలుపు కూడా లేదు. ఈ పదిహేను నెలలూ ఆ రోడ్డు పక్కనే బస్సు కోసం నిలబడ్డాను.

ఫానియో మొన్న మెసేజ్ పెట్టాడు. "నువ్వే నా ప్రాణం. అక్క మాటలు పట్టించుకోకు. త్వరలో అన్నీ చక్కబడతాయి." అంతే. నెనితా పేరు కూడా లేదు. ఆయన్నే రాయమనండి. తన చేత్తో, పూర్తిగా. అది వచ్చేదాకా ఎవరికీ ఫోన్ చెయ్యను, ఏ కాగితమూ పెట్టను. నాకు ఇంకా ఆశ ఉంది, అదే నాకు సిగ్గుగా ఉంది.

ఫ్లోర్డెలిజా

*

తిబియావ్
నవంబర్ 28, 2005

నా బంగారు లిజా,

నువ్వు మనిషివి కాదు తల్లీ, దేవతవి! నా మీద మనసులో ఇంత కోపం పెట్టుకుని కూడా వాడిని క్షమించావు, పైగా ఒక్క మాట కూడా నాకు రాయకుండా!

వాడు చెప్పేదాకా నాకు తెలియదు. ఊపిరితిత్తుల ఫోటో అని మనీలా పోతుంటే జబ్బేమోనని నేను కొవ్వొత్తులు వెలిగించాను. వీసా కోసమని ఎలా అనుకుంటాను? పోయిన వారం పాస్‌పోర్టు తెచ్చి నా ముందు పెట్టి, "అక్కా, లిజా పిలిపించుకుంది. అన్నీ మాట్లాడుకున్నాం, పాతవన్నీ మరిచిపోదామంది" అన్నాడు. నేను అక్కడే నేల మీద కూలబడి ఏడ్చాను. నీ ఉత్తరం చేతిలోనే ఉంది, వాడి చేత రాయించాలని. ఇక ఎందుకని చింపేశాను.

ఊరు ఊరంతా కదిలింది. పెద్ద పందిని కాల్చాం, ఇంట్లో ఉన్న ఆఖరిది. రెండు జీపుల్లో కలిబో విమానాశ్రయం దాకా వెళ్లాం. గురువుగారు కూడా వచ్చారు. వాడు కొత్త చొక్కా వేసుకున్నాడు. లోపలికి పోతూ వెనక్కి తిరిగి నన్ను కౌగిలించుకుని, "నిన్ను కూడా పిలిపించుకుంటానక్కా" అన్నాడు. నాకెందుకురా, ముందు పెళ్లాన్ని చూసుకో అన్నాను.

వాడి పెట్టెలో నీకు నేను నేసిన చాప పెట్టాను. అడుగున ఎండుచేపలు కూడా ఉన్నాయి, పై అంతస్తావిడకు ముందే చెప్పి వేయించు.

ఈ ఉత్తరం చేరేలోగా వాడు నీ గుమ్మంలో ఉంటాడు. తిట్టు. రెండు వెయ్యి. నా తరఫున ఇంకో రెండు వెయ్యి. తర్వాత అన్నం పెట్టు, విమానంలో వాడు ఏమీ తినడు.

నీ వదిన
కొన్సోర్సియా

*

గాలప్
డిసెంబర్ 19, 2005

వదినా,

నా గుమ్మంలోకి ఎవరూ రాలేదు. నేనెవరినీ పిలవలేదు.

మీ ఉత్తరం నిన్న వచ్చింది. నిలబడి చదవడం మొదలుపెట్టాను, ఎప్పుడు కూర్చున్నానో తెలియదు. దారి తప్పాడేమో, జబ్బు చేసిందేమో అని ముందు కంగారు పడ్డాను చూడండి, అంత బుద్ధిలేనిదాన్ని. తర్వాత మెల్లగా తెలిసింది. వీసా వచ్చిందంటే ఎవరో ఒకరు పిలిపించుకుని ఉండాలి. లైబ్రరీలో రాసుకున్న నంబరు తీశాను.

ఒక ఆడమనిషి ఎత్తింది. అచ్చం మన వైపు యాస. ఎపిఫానియో ఉన్నాడా అన్నాను.

"ఉన్నాడమ్మా, స్నానం చేస్తున్నాడు. వచ్చి రెండు వారాలు దాటింది, ఇప్పటికీ పగలూ రాత్రీ తేడా తెలియడం లేదు ఆ మనిషికి. ఎవరు మాట్లాడేది? మన వాళ్లేనా?"

ఎంత సంతోషంగా ఉందో ఆ గొంతు! ఏం అడగాలో తోచక, నా నోట్లోంచి వచ్చిన మాటేమిటో తెలుసా? "మీరు రిటర్ను ఎలా పెడతారు?" అన్నాను.

"రిటర్నా? కలిపే పెడతాం. నేను వచ్చిన ఏడాది నుంచీ. ఇలోయిలోలో మా అన్న ఇంటికి కాగితం పంపిస్తా, ఈయన వచ్చి సంతకం పెట్టిపోతాడు. ఒక్క ఏడాదీ తప్పలేదు, ఈ ఫిబ్రవరిలో కూడా పెట్టాడు. ఏమైంది? పన్నుల ఆఫీసు నుంచా? ఏదైనా తప్పు జరిగిందా?"

ఈ ఫిబ్రవరిలో, వదినా. నేను మీకు మొదటి ఉత్తరం రాసిన నెలలో. సముద్రంలో ఉన్నాడని మీరు నాకు రాయడానికి ముందే. ఆమె ఉత్తరాలు మానలేదు. ఎవరినీ చూసుకోలేదు. ఈయన ఉత్తరాలను ఆమె అన్న ఇంటికి మళ్లించుకున్నాడు, అంతే. మీ ఒళ్లో తలపెట్టి ఏడ్చింది కూడా అబద్ధమే. మిమ్మల్నీ నాతోపాటే ముంచాడు. ఇది రాస్తుంటే మీ మీద కోపం ఎక్కడికి పోయిందో వెతుక్కుంటున్నాను.

నేను చెప్పేశాను. "నా పేరు లిజా. పోయిన ఏడాది జూలైలో ఆయన నన్ను పెళ్లి చేసుకున్నాడు."

అటువైపు లోపలెక్కడో నీళ్లు పడుతున్న శబ్దం వినిపించింది. "ఫోన్ పెట్టకు" అంది. అడుగుల చప్పుడు, తలుపు తట్టిన చప్పుడు, నీళ్లు ఆగిపోవడం.

"లిజా ఎవరు?" అని అడిగింది.

ఆయన గొంతు విన్నాను. తడబాటు లేదు. "లిజానా? మా ఊళ్లో ఒక పిచ్చిది ఉండేది. బడి దగ్గర తిరుగుతుండేది. ఎందుకు?" అన్నాడు.

వదినా, నేను ఆయన భార్యనా కాదా అని మిమ్మల్ని అడిగాను కదా. జవాబు వచ్చింది. చెల్లదని చట్టం చెప్పినప్పుడు కూడా నాకు ఇంత తెలియలేదు. నా చెవి మండిపోయింది. ఫోన్ కింద పెట్టలేదు, ఎందుకో తెలియదు.

ఆమె తిరిగొచ్చింది. "విన్నావా?" అంది. విన్నానన్నాను. "నేను పేరొక్కటే చెప్పాను. ఊరు చెప్పలేదు. బడి సంగతి చెప్పలేదు" అంది. "పిచ్చిదానివి నువ్వు ఒక్కదానివే కాదులే చెల్లీ" అని ఏడవడం మొదలుపెట్టింది. ఇద్దరమూ ఏడ్చాం. వెనక ఆయన ఏదో అంటూనే ఉన్నాడు, ఆమె ఇటు తిరిగి నాతోనే మాట్లాడింది. ఏడేళ్లు ఎదురుచూసిందట ఈ వీసా కోసం. ఇల్లు కొంది. ఆయన కొలతలకు కుర్చీ కొంది.

రాత్రి తనే మళ్లీ చేసింది. "పెట్టె గుమ్మం బయట పెట్టాను. మనిషిని కూడా. రోడ్డు మీ ఊరికే వస్తుంది, ఎక్కించి పంపనా?" అంది.

"వద్దు" అన్నాను.

"నాకూ వద్దు" అంది.

ఇవాళ బెలెన్ పిన్ని దగ్గరికి వెళ్లి, ఆగస్టులో పెట్టిన రిటర్ను సవరించి మళ్లీ రాయించాను. కలిపి కాదు. ఎంచుకునేది ఏమీ లేదు, మొదటి ఏడాదికి పరాయిదాన్నే. పెళ్లి గడి దగ్గర ఆవిడ కలం ఆపింది. "ఇక్కడ నేను రాయలేనే పిల్లా. నువ్వే పెట్టు" అని కాగితం ఇటు తిప్పింది. కాలేదు అన్న గడిలో నేనే గుర్తు పెట్టాను. కింద ఒకటే సంతకం. మా నాన్న ఇంటిపేరుతో పెట్టాను, చెయ్యి అలవాటు తప్పి రెండుసార్లు ఆగింది.

ఆయన ఏ దారి పట్టాడో నాకు తెలియదు. తిరిగి వచ్చేది మీ ఇంటికే. తలుపు తీస్తారో తియ్యరో అది మీ ఇష్టం, మీరు పెంచిన మనిషి. నేను మిమ్మల్ని ఏమీ అడగను.

ఒక్కటి మాత్రం. ఆ కాగితం మీద గుర్తు పెట్టాక ఇక మీకు నేను ఏమీ కాను. లెక్క ప్రకారం అంతే. వదినా అని రాయడానికి నాకు హక్కు లేదని తెలిసే రాశాను. మీరు ఏమని పిలుస్తారో పిలిచి, జవాబు రాయండి. దుకాణం సంగతి రాయండి, గురువుగారి ప్రసంగాల సంగతి రాయండి. ఇక్కడ నాకు ఉత్తరాలు రాసేవాళ్లు ఇంకెవరూ లేరు.

లిజా